తోడుకోని పాలు

ఆంధ్రరాష్ట్రం వచ్చి రెండు మూడేళ్లయిన రోజులవి. పశువైద్యం చదువు ముగించుకొని ఆళ్లగడ్డలో ఉద్యోగంలో చేరాను. నాకు చదువు బాగానే ఉండేది గాని అనుభవం బొత్తిగా లేదు. అదంతా మా అటెండరు సాయిబు దగ్గర ఉండేది. యాభై దాటిన మనిషి. బర్రె చెవి కదిపిన తీరు చూసి అది ఏ కాలితో తంతుందో ముందే చెప్పేవాడు. నేను వినేవాణ్ణి కాదు. అందువల్ల తన్నులు నాకే తగిలేవి.

పెన్సిలిన్ అప్పుడప్పుడే పశువుల దాకా వచ్చింది. రబ్బరు మూత బిగించిన చిన్న సీసాల్లో తెల్లటి పొడి. నీళ్లతో కలిపి సూదితో ఎక్కించాలి. మనిషికి ఒక సీసా సరిపోతే బర్రెకు అరడజను చాలేవి కావు. సీసాల కోసం నంద్యాలకు పోయి, తువ్వాలులో చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకొని తెచ్చేవాణ్ణి. పక్కన కూర్చున్నవాళ్లు కోడిగుడ్లనుకొని కాస్త జరిగేవాళ్లు.

ఒక ఎండాకాలం ఉదయం ఒక రైతు సైకిలు మీద ఆయాసపడుతూ వచ్చాడు. వాళ్ల ఊరు నాలుగైదు మైళ్లు.

"మా బర్రెకు పొదుగు ఒకపక్క రాయి మాదిరి అయ్యింది సార్. చెయ్యి ఎయ్యనీదు."

నేనూ సాయిబూ వెళ్లి చూశాం. నాలుగు చన్నుల్లో ఒకటి వాచి ఎర్రబడి ఉంది. మిగతా మూడూ బాగానే ఉన్నాయి. ఇంట్లో పెత్తనం రైతుది కాదు, వాళ్లమ్మది. డెబ్బై ఏళ్ల అవ్వ. వాళ్ల పొయ్యి మీదే సిరంజిని ఉడకబెడుతుంటే నడుం మీద చేతులు పెట్టుకొని చూసింది.

సూది వేసే ముందు పశువు మెడ మీద అరచేత్తో రెండుసార్లు చరిచి, మూడోసారి చరుపుతో పాటే సూది దించాలని కాలేజీలో నేర్పారు. అలా చేస్తే పశువుకు నొప్పి తెలియదట. రెండో చరుపుకే అవ్వ నా చెయ్యి పట్టుకుంది.

"మందెయ్యమంటే కొడతాండావేందప్పా? అదేం తప్పు చేసింది?"

సాయిబు ఆమెను మెల్లగా పక్కకు తీసుకుపోయాడు. ఆమె మళ్లీ తిరిగి వచ్చి, బర్రె భయపడకుండా దాని కళ్లకు తన కొంగు అడ్డం పెట్టింది. నేను సూది దించాను. బర్రె కదల్లేదు. అవ్వే "అమ్మా" అంది.

రోజుకొకటి చొప్పున నాలుగు రోజులు వేశాను. "ఆఖరి సూది అయినాక కూడా నాలుగు రోజులు ఈ బర్రె పాలు వాడొద్దు అవ్వా. పారబోయండి" అని చెప్పాను. ఎందుకో చెప్పలేదు. డాక్టరు చెప్తే చాలుననుకునే వయసు నాది.

"మంచిది నాయనా" అంది అవ్వ. పాలు పారబోయడమనే మాట ఆమె చెవికి ఎక్కనే లేదని నాకు తర్వాత తెలిసింది.

ఆఖరి సూది వేసిన మర్నాడు, వాపు ఎంత తగ్గిందో చూద్దామని మేమిద్దరం వెళ్లాం. ఊరి మొదట్లోనే రైతు మా సైకిలు పట్టుకొని ఆపేశాడు. "సార్, తొందరగా రాండి. మా పక్కింట్లో నిశ్చితార్థం ఆగిపోతాంది!"

"నిశ్చితార్థం ఆగితే పశువుల డాక్టరు ఏం చేస్తాడప్పా?"

"రాండి సార్. అంతా మీ సూది వల్లనే!"

పక్కింటి పందిట్లో కోయిలకుంట్ల నుంచి వచ్చిన పెళ్లికొడుకు తరపువాళ్లు ముఖాలు ముడుచుకొని కూర్చున్నారు. మధ్యలో పెద్ద కాగు. విందుకని ముందురోజు సాయంత్రం తోడేసిన పాలు తెల్లారేసరికి పాలుగానే ఉన్నాయి. పెళ్లికొడుకు నాయనమ్మ అది అపశకునమని తేల్చేసింది. "పాలే కలిసిరాని ఇంట్లో పిల్లెట్ల కలిసొస్తాది?" అని లేవబోయింది. ఆడపిల్ల తల్లి ఏడుస్తోంది.

అప్పుడు బర్రె గల అవ్వ ముందుకొచ్చింది. "పిల్లది దోషం గాదు. నిన్న కాగులో మా బర్రె పాలు గూడ పోసినా. అది సూది ఏపిచ్చుకున్న బర్రె. ఈ డాక్టరు పారబొయ్యమన్న్యాడు. చూస్తా చూస్తా పాలు యాడ పారబోసేదని మీకిస్తి."

అందరూ నా వైపు తిరిగారు. మందు పాలలోకి దిగుతుందని తెలుసుగాని, పెన్సిలిన్ పాలలో పెరుగు తోడుకోదని నాకెవరూ చెప్పలేదు. అక్కడ నిలబడే ఆలోచించాను. పెరుగు తోడుకునేది కంటికి కనపడని పురుగుల వల్ల. ఈ మందు పనే పురుగులను చంపడం. పొదుగులో చెడ్డ పురుగులను చంపింది, పాలలో మిగిలిన మందు తోడులోని మంచి పురుగులను కూడా చంపింది. అదే చెప్పాను.

"పెరుగులో పురుగులా!" అంది నాయనమ్మ. పెళ్లికొడుకు తరపున ఇద్దరు పెరుగు తినడం మానేద్దామన్నట్టు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నా చదువు పని మరింత చెడగొట్టింది.

సాయిబు గొంతు సవరించుకున్నాడు. "మాటలెందుకమ్మా? ఈ అవ్వ బర్రె పాలు ఒక గిన్నెలో, వేరే ఇంటి బర్రె పాలు ఒక గిన్నెలో కాంచి, ఒకే తోడు వేద్దాం. ఈ ఎండకు పొద్దు వాలేలోపల తెలిసిపోతాది."

నాయనమ్మ ఒప్పుకుంది. రెండు గిన్నెలనూ తన ముందే పెట్టుకొని కాపలా కూర్చుంది. విందులో ఓళిగలూ చిత్రాన్నమూ తినడం అయ్యింది. పెరుగు లేకుండానే అందరూ చేతులు కడుక్కున్నారు. నేను ఆ గిన్నెల వైపే చూస్తూ తిన్నాను. నా మాట తప్పని తేలితే ఆ పిల్ల జీవితం నా నెత్తిన పడేది.

నాలుగు గంటలప్పుడు నాయనమ్మ వేరే ఇంటి పాల గిన్నెలో వేలు పెట్టింది. గడ్డ పెరుగు. అవ్వ బర్రె పాల గిన్నెలో పెట్టింది. వేలు నుంచి పాలు కారాయి. మళ్లీ పెట్టింది. మళ్లీ పాలే.

"తాంబూలాలు తీయండి" అంది.

మేళం మోగుతుండగానే ఆడపిల్ల తల్లి కళ్లు తుడుచుకొని అవ్వ మీద పడింది. "పారబోసేటివి మాకిస్తివా?" ఈసారి అవ్వ తన నోటికే కొంగు అడ్డం పెట్టుకుంది. ఆమె నోరు మూసుకోవడం తానెన్నడూ చూడలేదని ఆమె కొడుకు నా చెవిలో అన్నాడు.

ఆ రోజు నుంచి అవ్వ రోజూ కొంచెం పాలు గిన్నెలో తోడేసి చూసేది. తోడుకున్న రోజు "మందు దిగిపోయింది" అని మాకు కబురు పంపింది. లెక్క చూస్తే నా నాలుగు రోజులకు ఒక్కరోజు అటూ ఇటూ. అప్పటినుంచి పాలు పారబోయమని ఎవరికీ ఊరికే చెప్పలేదు. గిన్నెలో తోడేసి చూసుకోమనేవాణ్ణి. ఆ మాట అందరూ వినేవాళ్లు.

పెళ్లికి వారం ముందు ఆడపిల్ల తండ్రి ఆస్పత్రికి వచ్చి శుభలేఖ చేతిలో పెట్టాడు. కాసేపు నసిగి, "సార్, పెండ్లి అయ్యేదాకా మా ఊర్లో ఏ బర్రెకూ సూది ఎయ్యద్దండి" అన్నాడు.

"రోగమొస్తే ఎట్లప్పా?" అన్నాను.

ఆయనకంటే ముందే సాయిబు జవాబిచ్చాడు. "రోగాన్ని మొదట ఎద్దులకు రమ్మందాం లేప్పా."

నిజంగానే ఆ వారం ఆ ఊరినుంచి రెండు ఎద్దులే వచ్చాయి.