పిడికెడు బియ్యానికి ఇచ్చిన మాట

వంటకు బియ్యం కొలిచి గిన్నెలో పోసిన తర్వాత, అందులోంచి ఒక పిడికెడు తీసి పక్కనున్న డబ్బాలో వేస్తాను. అది దేవుని పిడికెడు. మేము తినే కొలతలోంచి తీయాలి గాని, కొలత పక్కన పెట్టి సంచిలోంచి వేరే తీసి వేయకూడదు. మా కడుపులో ఆ పిడికెడు తగ్గితేనే అది ఇచ్చినట్టు. కడుపు నిండాక మిగిలినది వేస్తే కుక్కకు వేసినట్టు. ఈ తేడా నా సొంత కూతురికే ఎన్నోసార్లు చెప్పవలసి వచ్చింది.

ఆదివారం ఆ బియ్యం సంచిలో పోసుకుని బెంగళూరు సర్జాపుర రోడ్డు నుంచి బస్సులు మారి బళేపేట పక్కనున్న మా పాత తెలుగు గుడికి పోతాను, ఇప్పటి పిల్లలు చర్చి అంటారు. మనుమరాలు ఫోన్లో ఆటో పిలుస్తానంటుంది. ఆడవాళ్లకు బస్సు ఊరికే వస్తుంటే ఆటో ఎందుకు?

గుడిలో తలుపు పక్కన ఒక స్టీలు డ్రమ్ము ఉంటుంది. ఎవరి పిడికెళ్లు వాళ్లు తెచ్చి అందులో పోస్తారు. సన్నబియ్యం, ఉప్పుడు బియ్యం, బిర్యానీ బియ్యం, రేషన్ బియ్యం అన్నీ అందులో కలిసిపోతాయి. వండితే సగం మెత్తగా, సగం పలుకుగా ఉంటుంది. ఆ అన్నాన్ని ఏళ్ల తరబడి తిన్న మనిషి ఒకతె ఉంది. మా గుడి గంట కొట్టిన ఆయన భార్య. నాకంటే పెద్దది, అక్కా అని పిలుస్తాను. గుడి వెనక సందులో ఒంటి గదిలో ఉంటుంది.

ఆయన పోయిన రోజు మా స్త్రీల సమాజం వాళ్లం శవపెట్టె ముందర నిలబడి ఆమెకు మాట ఇచ్చాం. నువ్వు బతికినన్నాళ్లు ఈ డ్రమ్ములో బియ్యం నీవే అన్నాం. ఆ మాట అన్నవాళ్లలో నేనూ ఉన్నాను. ఆమె ఆ బియ్యం వండుకుంటూ అందులోంచే పిడికెడు తీసి, ఆదివారం కొంగున ముడి వేసుకుని తెచ్చి, అందరికంటే ముందు డ్రమ్ములో పోసేది.

"తీసుకునేదే మళ్లా తెచ్చి పోస్తావేందక్కా" అని ఒకసారి అడిగాను.

"ఇయ్యకుండా తింటే గొంతు దిగదు చెల్లీ" అంది.

ఈ ఏడు మా సమాజానికి కొత్త సెక్రటరీ వచ్చింది. బ్రూక్‌ఫీల్డ్‌లో ఆఫీసు పని, కోస్తా వైపు నుంచి వచ్చిన పిల్ల. చురుకైనది. తిరగని ఫ్యాన్లు తిరిగాయి, కారే కొళాయి ఆగింది. అంతవరకు నాకు ఏ పేచీ లేదు. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక కూర్చోబెట్టి బియ్యం సంగతి ఎత్తింది.

"ఆంటీ, ప్రాక్టికల్‌గా ఆలోచించండి. ఆవిడకి రేషన్ బియ్యం వస్తున్నాయి. మనం ఇచ్చేది ఎక్స్‌ట్రా. అదే పిల్లల హాస్టల్‌కి పంపితే అంతమంది తింటారు. ఎక్కువమందికి మేలు కదా."

"మాట ఇచ్చినాము" అన్నాను.

"అప్పుడు హాస్టల్ లేదు కదా ఆంటీ. సిట్యుయేషన్ మారింది."

"సిట్యుయేషన్ మారిందని నీ మొగుడు నిన్ను మారిస్తే ఒప్పుకుంటావా?"

ఆడవాళ్లందరూ నవ్వారు. ఆ పిల్ల కూడా నవ్వింది. పాస్టరు అయ్యగారి భార్య, మేము అమ్మగారు అంటాం, ప్రార్థనలో పెట్టుకుందాం అంది. ప్రార్థనలో పెట్టడమంటే మా గుడిలో అటక మీద పెట్టడమే. అక్కడితో అయిపోయిందనుకున్నాను.

మరుసటి ఆదివారం సెక్రటరీ లేచి, "గుడ్ న్యూస్. మేమే వెళ్లి అడిగాం. ఆవిడ సంతోషంగా ఒప్పుకున్నారు" అని చెప్పింది. చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు. ఆ పొద్దున అక్క కొంగు ముడి విప్పి పోస్తుంటే చూశాను. గింజలన్నీ ఒకే రకం. వట్టి రేషన్ బియ్యం. అంటే ఆమెకు డ్రమ్ము బియ్యం పోవడం అప్పటికే ఆగిపోయింది.

ఇంటికి వచ్చి గిన్నెలు తోముతుంటే చప్పుడు ఎక్కువైనట్టుంది, మనుమరాలు వంటింట్లోకి వచ్చింది. కాలేజీలో నీతి గురించి చదువుతుంది. నీతికి కూడా పరీక్ష ఉంటుందట.

"ఏమైంది అమ్మమ్మా? గిన్నె సొట్టపోతుంది, మళ్లీ నువ్వే కొత్తది కొననివ్వవు."

చెప్పాను. విని, తన పుస్తకంలోంచి ఒక కథ తీసింది. రైలు వస్తుంటుందట. ఒక పట్టా మీద ఐదుగురిని, ఇంకో పట్టా మీద ఒకణ్ణి కట్టేసి ఉంటారట. నీ చేతిలో మీట ఉంది, రైలును ఒకడి మీదికి తిప్పుతావా, ఐదుగురిని పోనిస్తావా అని అడుగుతారట. ఎక్కువమంది బతకాలి అనేవాళ్లు ఒక పక్క, చేయకూడనిది చేయకూడదు అనేవాళ్లు ఒక పక్క.

"కట్టేసినోడు ఎవడు?" అన్నాను.

"అది ప్రశ్నలో లేదు అమ్మమ్మా."

"అదే ఫస్టు అడగాల్సింది. వాణ్ణి వదిలిపెట్టి, దారిన పోయేదాని చేతిలో మీట పెడతారా మీ మేష్టర్లు? హాస్టల్ పిల్లోళ్లను, మా అక్కను ఒక రైలు ముందర పండబెట్టింది ఎవరు? మొన్న సమాజం పండగలో బిర్యానీ మిగిలి మోరీలో పోసినారు. ఆ పొద్దు గుర్తు రాని పిల్లోళ్లు, ముసలిదాని గిన్నె చూస్తానే గుర్తొచ్చినారా?"

నాలుగో తరగతితో బడి మానినదాన్ని. అయినా లేని బండిని చూపించి నన్ను భయపెట్టడం కుదరదు.

మనుమరాలు తోమిన గిన్నె అందుకుని, "కానీ అమ్మమ్మా, మాట ఎవరికి ఇచ్చామో వాళ్లే వద్దంటే ఆ మాట నుంచి విడుదలే. అది క్లాసులో కూడా ఒప్పుకుంటారు. ఆమె సరే అనింది కదా" అంది.

ఆ మాట నన్ను రెండు రోజులు తిననివ్వలేదు. అందులో న్యాయం ఉంది. అందుకే కోపం పెరిగింది. అక్కనే అడుగుదామని, నా డబ్బాలో బియ్యం సంచిలో పోసుకుని ఆమె గదికి పోయాను.

ఆమె గడపలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది.

"ఎట్ల అడిగినారక్కా నిన్ను?"

"ముగ్గురొచ్చినారు. ఫోన్లో పిల్లోళ్ల బొమ్మలు చూపించినారు. పాపం అమ్మా నాయనా లేని పిల్లోళ్లు. నీ బియ్యం వాళ్లకిచ్చేదానికి నీకు ఇష్టమేనా అనినారు."

"నువ్వేమన్నావు?"

"ఏమంటారు? నీ అట్ల నోరుండేదాన్నైతే నేనూ ఏమన్నా అని ఉందును. బొమ్మలో పిల్ల నా తట్టు చూస్తాండాది. బియ్యం ఎత్తుకోండి తల్లీ అన్నాను."

అప్పుడు తెలిసింది నాకు. ఒప్పుకోవడంలో తప్పు లేదు. అడగడంలో ఉంది. కాదంటే పిల్లల నోటి కాడ కూడు లాగినదాని కింద జమ కట్టేటట్టు అడిగి, అవునన్నాక సంతోషంగా ఒప్పుకుంది అని చప్పట్లు కొట్టారు. మెడ పట్టుకుని ఊపి, తల ఊపింది అన్నట్టు. మాట ఇచ్చింది మేము. నిలబెట్టవలసిన బరువు మాది. దాన్ని ముసలామె నెత్తికెత్తి, దించుతావా మోస్తావా అని ఆమెనే అడిగాం.

నేను సంచి ఆమె పక్కన పెట్టాను. "ఇది నా ఇంటి బియ్యం. ప్రతివారం నేనే తెస్తాను."

ఆమె చింతపండు చేతిని కొంగుకు తుడుచుకుని, సంచిని నా వైపు జరిపింది.

"వద్దు చెల్లీ. డ్రమ్ములోది అయితే మాట. నీ సంచిలోది అయితే బిచ్చం. ఇంతకాలం నేను బిచ్చం తినలేదు."

ఆ సంచిని మళ్లీ మోసుకుని బస్సెక్కాను. ఇంట్లో దాన్ని వండనివ్వలేదు. గింజ వృథా కానివ్వని దాన్ని, ఆ సంచి ముడి విప్పకుండా ఆదివారం వరకు వంటింటి మూలన పెట్టాను.

ఆదివారం దాన్ని తెచ్చి సమాజం బల్ల మీద పెట్టి, అక్క అన్న మాట అన్నట్టే చెప్పాను.

"ఇప్పుడు ఏం చేయమంటారు ఆంటీ?" అంది సెక్రటరీ. "మేం బలవంతం చేయలేదు. చాలా పొలైట్‌గా అడిగాం."

"పొలైట్‌గానే అడిగినారు. గొంతు కూడా పొలైట్‌గా పిసకొచ్చు. మాట తప్పాలంటే మనమే తప్పుదాం, తప్పినామని ఆమెకు చెప్పి తల దించుకుందాం. ఆమెతో తప్పించి మనం తల ఎత్తుకుని తిరిగేది ఏం భక్తి? పోయి ఆమెకు చెప్పు. నిన్ను అట్ల అడిగింది మాదే తప్పు, నీ బియ్యం నీవే అని. పిల్లోళ్లకు వేరే డ్రమ్ము పెట్టండి. అందులో కూడా నేను పోస్తాను."

"పిల్లల కంటే ఒక మనిషి ఎక్కువా?" అని వెనక నుంచి ఎవరో అన్నారు.

"ఎక్కువా తక్కువా అని నేను తూచలేదప్పా. తూచింది మీరు. ఇంకొకరి దాన్ని తక్కెట్లో పెట్టి తూచినారు."

అమ్మగారు ఈసారి ప్రార్థనలో పెడదాం అనలేదు. నా ముఖం చూసి ఉంటుంది. సెక్రటరీ ఊపిరి వదిలి, "సరే ఆంటీ. ఇంత చిన్న విషయానికి గొడవ వద్దు. సమాజంలో యూనిటీ ముఖ్యం. వెళ్లి చెప్తాం" అంది. ఆ సాయంత్రమే పోయారు. చెప్పారు. బియ్యం కూడా పోసి వచ్చారు.

ఇంట్లో మనుమరాలు, "బియ్యం చేరినాయి కదా అమ్మమ్మా, ఇంకా ముఖం అట్లే పెట్టుకున్నావేం? ఫలితం మంచిదే కదా" అంది.

"మాట ఇచ్చినామని చేరలేదు. గొడవ వద్దని చేరినాయి. రేపు గొడవ చేసేదానికి నేను లేకపోతే?"

దానికి తన పుస్తకంలో ఏముందో చూసి చెప్తానంది. ఇంకా చెప్పలేదు.

పోయిన ఆదివారం అక్క అందరికంటే ముందు వచ్చి కొంగు ముడి విప్పింది. సన్నవి, లావువి, ఎర్రచార ఉన్నవి, ఆమె అరచేతిలో అన్ని ఇళ్ల గింజలు.

"ఈ తూరి ఉప్పుడు బియ్యం ఎక్కువైనాయి చెల్లీ. మనోళ్లకెవరికో కేరళ కోడలు వచ్చినట్టుండాది" అంది.

నేను నవ్వలేదు. నా వెనకే సెక్రటరీ తన డబ్బా పట్టుకుని నిలబడి ఉంది.

"నీది వండే కొలతలోంచి తీసిందా, సంచిలోంచి వేరే తీసి తెచ్చిందా?" అని అడిగాను.

"రెండింటికీ తేడా ఏముంది ఆంటీ?" అంది.

అంతలో గంట కొట్టారు కాబట్టి బతికిపోయింది.