నస్ర్ గారి కుశల ప్రశ్నలు

కొంప మునుగుతున్నా సరే, ఎదుటివాడి ఇంటిల్లిపాది క్షేమం కనుక్కోనిదే అసలు సంగతి చెప్పడు నస్ర్. ఊరు బుఖారా. సుల్తానుగారి లేఖ పట్టుకుని దూతగా బయల్దేరి, దారి తప్పి వైకింగుల ఓడెక్కాడు. ఆనాటి నుంచీ చుక్కాని పట్టే స్కెగ్గికి పిచ్చెక్కుతూనే ఉంది.

ఓ పొద్దున నస్ర్ వినయంగా వచ్చి నిలబడ్డాడు.

"స్కెగ్గీ అన్నా, అమ్మగారు కులాసానా?"

"కులాసానే."

"మోకాళ్ళ నొప్పులు?"

"అలాగే ఉన్నాయి."

"మేనత్తగారు?"

"పోయి ఆరేళ్ళయిందయ్యా!"

"అయ్యయ్యో!" కాసేపు కళ్ళు మూసుకున్నాడు. "మరేం లేదు, ఓడకి చిల్లు పడింది."

అప్పటికే బుట్టలో ఎండుచేపలు మళ్ళీ ఈత మొదలుపెట్టాయి.

ఇంకోసారి ఒడ్డున, ఓడలో తెడ్డేసే గౌట్ వెనకాల ఎలుగుబంటి నిలబడితే, నస్ర్ అతని తమ్ముళ్ళ యోగక్షేమాలు వరసగా అడిగాడు. ఐదో తమ్ముడి దగ్గర ఎలుగుబంటికే విసుగొచ్చి వెళ్ళిపోయింది.

ఆకులు రాలే కాలంలో, ఓ వాగు దగ్గర వీళ్ళ పగవాడు ఓర్మ్ ముఠాతో అడ్డం నిలిచాడు. వాళ్ళు నలభై మంది, వీళ్ళు పద్దెనిమిది. డాళ్ళు వరస కట్టాయి. ఆ వరసలోకి దూరాడు నస్ర్.

"గౌట్ తమ్ముడూ, మీ ఆవిడకి నెలలు నిండాయా?"

"ఇప్పుడా అడిగేది!" అని స్కెగ్గి కసరబోయి ఆగాడు. అంతదాకా డాలు మీద టకటకా కొట్టుకుంటున్న గౌట్ వేళ్ళు నిలకడగా ఉన్నాయి. "నిండాయి. మగపిల్లాడైతే నా పేరేనట!" అని నవ్వుతున్నాడు కూడా.

స్కెగ్గి గొంతు తగ్గించాడు. "కావాలనే అడుగుతున్నావు కదూ?"

"ఇల్లు తలచుకుంటే చెయ్యి వణకదన్నా."

"మరి ఓడకి చిల్లు పడ్డ రోజు?"

"ఆ రోజు వణుకు నాది. నాకు ఈత రాదు."

ఇప్పుడు కూడా అతని చేతిలో కత్తి గజగజలాడుతోంది. ఏడాదిగా తమలో ఒక్కడూ ఇతన్ని ఒక్క మాటైనా అడగలేదని అప్పుడు తట్టింది స్కెగ్గికి.

"నస్ర్ గారూ... మీ అమ్మగారు కులాసానా?"

నస్ర్ మొహం చాటంతయింది. డాలు కింద పడేసి దానిమీదే కూచున్నాడు. అమ్మ, అమ్మమ్మ, పెద్దక్క, పెద్దక్క పుచ్చతోట, దాని మీద కన్నేసిన మరిది... పొద్దు నడినెత్తికొచ్చింది.

అవతలి గట్టు నుంచి ఓర్మ్ అరిచాడు: "ఒరేయ్, యుద్ధం చేస్తారా, చెయ్యరా?"

"ఆగవయ్యా! ఇంకా పెద్దక్క దగ్గరే ఉన్నాం!" అన్నాడు స్కెగ్గి.

ఓర్మ్ మెడ సాచి కాసేపు విన్నాడు. తర్వాత బల్లెం చంకన పెట్టుకుని, మోకాలి లోతు నీళ్ళలోకి దిగి వచ్చాడు.

"ఇంతకీ ఆ తోట మరిదికి రాసిచ్చేసిందా, లేదా?"

వెనక నలభై మందీ చెవులు రిక్కించారు. తోట గొడవ తేలేసరికి పొద్దుగూకింది. యుద్ధం మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.