తెలుగు కూడదని రాసిన రిపోర్టు

కోలారులో జరిగిన ఆ మూడు రోజుల శిక్షణలో దుబాసీని బడుల ఇన్‌స్పెక్టరునైన నేనే. మంచు కురిసే దేశం నుంచి వచ్చిన నిపుణుడు ఇంగ్లీషులో చెబుతుంటే, ఉపాధ్యాయులకు కన్నడంలో వినిపించేవాణ్ణి. ఆయన సారాంశం ఒకటే: బడి భాషను పిల్లలకు ఇంటి భాషలో వివరించకూడదు, వింటూ వింటూ అదే వస్తుంది. ఈ మాట అనువాదం లేకుండా ఆ హాల్లో చాలామందికి అర్థం కాలేదు. ముందు వరసలో తలలూపిన మా అధికారులకు ఈ విడ్డూరం తట్టలేదు. నాకు తట్టింది. నోరు మెదపలేదు. వాళ్లు తెలివితక్కువవాళ్లు, నేను పిరికివాణ్ణి.

తమ దేశంలో తరగతికి ఇద్దరు టీచర్లుంటారని కూడా ఆయన చెప్పాడు. ఆయన మాటల మీద తాలూకాలకు దిగిన సర్క్యులరులో ఆ ముక్క మాత్రం రాలేదు.

ఆ సర్క్యులరు పట్టుకుని, ఆంధ్రా సరిహద్దున రాయల్పాడు దగ్గర ఒక పల్లెబడికి తనిఖీకి వెళ్లాను. పిల్లలందరి ఇళ్లలోనూ తెలుగు, చేతిలో కన్నడ పుస్తకం. టీచరమ్మ కేజీఎఫ్ బంగారు గని కార్మికుడి కూతురు. ఒక్కో వాక్యం కన్నడంలో చదివి, "ఏమంటా ఉండాడప్పా ఈయన?" అని అడిగేది. పిల్లలు తెలుగులో చెప్పి, మళ్లీ కన్నడంలో చెప్పేవాళ్లు. రెండో తరగతి పాప ఒకతె పాఠమంతా నా ముందే రెండు భాషల్లోనూ అప్పజెప్పింది.

"తెలుగు వాడకూడదమ్మా, ఆర్డరొచ్చింది," అన్నాను.

"మీ ఇంట్లో ఏం మాట్లాడతారు సార్?"

"తెలుగే."

"మీ మేష్ట్రు మీకు తెలుగులో చెప్పలేదా? చెప్పింటాడు. ఇంగ మీరు సారైపోయినారు, ఏరు దాటి తెప్ప తగలేస్తా ఉండారు."

పిల్లలు పకపకా నవ్వారు. ఆ నవ్వుకు మండి, ఈమె కన్నడమే నేర్పడం లేదని రిపోర్టు రాశాను. అది పచ్చి అబద్ధం. ఆమెను బదిలీ చేశారు. తర్వాత వచ్చినాయనకు తెలుగు రాదు. మరుసటి తనిఖీలో ఆ పాప గోడకానుకుని కూర్చుంది, ఏమడిగినా పలకలేదు. 'క్రమశిక్షణ మెరుగుపడింది' అని రాశాను. అదీ నేనే.

కొన్నేళ్లకు ఇంకో దేశం, ఇంకో నిపుణుడు: చదువు ఇంటి భాషలోనే మొదలవ్వాలన్నాడు. అవే తలలు మళ్లీ ఊగాయి.

పోయిన నెల ఆ పల్లెకు వెళ్లాను. ఆ పాప ఇప్పుడు ఇద్దరు బిడ్డల తల్లి. పట్టుపురుగులకు ఆకు వేస్తూ, "చదువు నా తలకెక్కలేదు సార్, అందుకే నాలుగులోనే ఇడిసిపెట్టినా," అంది. ఇన్నేళ్లూ తప్పు తనదేననుకుంది. జరిగిందంతా చెప్పాను. తిట్టలేదు. చేతులు తుడుచుకుని అంది:

"అయితే ఆ మాటే రాసియ్యండి సార్. మొద్దు, మొద్దు అని మా ఆయన దినామూ అంటా ఉండాడు."

అందుకే రాస్తున్నాను. ఆమె మొద్దు కాదు.