రాహుకాలంలో సమోవా

మేం సమోవా చూసింది బెర్లిన్‌కి గంట దూరంలో. పైన్ అడవి మధ్య విమానాల కోసం కట్టిన ఒక పాత షెడ్డు ఉంది. ఊరంత షెడ్డు. ఇప్పుడు దాని లోపల ఇసుక పోసి, సముద్రం నింపి, కొబ్బరిచెట్లు నాటి దక్షిణ సముద్రపు ద్వీపం అంటున్నారు. బయట మార్చి నెల, రెండు డిగ్రీలు. లోపల ఏడాది పొడుగునా ఇరవై ఆరు.

టికెట్లు నా ఆఫీసువాళ్లు పుట్టినరోజుకి ఇచ్చిన కూపన్లు. ఆ నెలాఖరుకి గడువు తీరిపోతుంది. జర్మనీలో గడువు దాటిన కూపన్ కంటే విషాదం మరొకటి ఉండదని అప్పటికింకా నమ్ముతున్నాను.

మేం వెళ్లిన శుక్రవారమే క్లినిక్ నుంచి ఫోన్ రావాలి. మా పెళ్లై తొమ్మిదేళ్లు. రెండుసార్లు నా భార్య గర్భంలో పిండాన్ని పెట్టారు, రెండుసార్లూ నిలవలేదు. ఇది మూడోది. ఇదే ఆఖరిదనీ, ఇక ఆమె ఒంటికి సూదులు చాలనీ ఇద్దరం ముందే అనుకున్నాం. గురువారం పొద్దున రక్తం ఇచ్చివచ్చాం, ఫలితం రేపు చెబుతాం అన్నారు. ఇంట్లో కూర్చుని ఫోన్ మొహం చూస్తుంటే పిచ్చెక్కుతుందని బయల్దేరాం. నీళ్లలో దిగొద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. కాబట్టి సముద్రానికి వెళ్లి తడవకుండా తిరిగి రావడం మా కార్యక్రమం.

గేటు దగ్గర పూల గౌను వేసుకున్న అమ్మాయి చెరో గుడ్డ పువ్వు ఇచ్చింది. మనసు ఎవరికైనా ఇచ్చేసినవాళ్లు ఎడమ చెవిపైన, ఇంకా ఇవ్వనివాళ్లు కుడి చెవిపైన పెట్టుకోవాలట, అక్కడి ఆచారం. నా భార్య తన పువ్వును తిన్నగా జడలో తురుముకుంది.

"చెవిల పువ్వు పెట్టించుకునేటందుకు గంట రైలెక్కి వచ్చినమా?" అంది.

"ఎడమ చెవికి పెట్టుకో, లేకపోతే నిన్ను ఒంటరిదనుకుంటరు."

"అనుకోనియ్యి. ఎవలొస్తరో చూద్దాం."

ఆమె నవ్వి వారం అయింది. నాకు ఆ మాత్రం సమోవా చాలనిపించింది.

ఇసుక మీద కుర్చీలు వేసుకుని, మేము తప్ప అందరూ ఈదుతుంటే చూస్తూ కూర్చున్నాం. సముద్రం అవతల గోడంతా ఆకాశం బొమ్మ వేసి ఉంది. మబ్బులు కదలవు. పదకొండూ నలభై ఎనిమిదికి నా ఫోన్ మోగింది. క్లినిక్ నంబరు.

ఆమె నా చేతి మీద చెయ్యి వేసి నొక్కేసింది.

"ఎత్తకు. ఇంక పన్నెండు నిమిషాలు రాహుకాలమున్నది."

మా ఇంట్లో ఫ్రిజ్ మీద హైదరాబాద్ నుంచి తెచ్చిన తెలుగు క్యాలెండర్ ఉంటుంది. శుక్రవారం రాహుకాలం పదిన్నర నుంచి పన్నెండు. 

"అది హైదరాబాద్ రాహువే. ఈడి టైముతోని ఆయనకేం పని?"

"జోకులొద్దు. పోయినసారి రాహుకాలంలనే ఎత్తినవ్. అంతకుముందు గూడ నీ మాటే ఇన్న. ఈ ఒక్కసారి నా మాట ఇను."

నేను ఎం.టెక్. చదివినవాణ్ని. గ్రహాలకు ఫోన్లతో సంబంధం లేదని తెలిసినవాణ్ని. అయినా ఎత్తలేదు. ఆమె మాటకు విలువిచ్చి ఆగానని తర్వాత చాలాసార్లు నాకు నేను చెప్పుకున్నాను. అసలు సంగతి, నాకూ భయమేసింది. ఇద్దరం మా చేతుల కింద ఫోన్ వణికి వణికి ఆగేదాకా చూశాం.

పన్నెండూ ఒకటికి తిరిగి చేశాను. రికార్డు చేసిన గొంతు పలికింది. శుక్రవారం పన్నెండు దాకే, మళ్లీ సోమవారం ఎనిమిదింటికి. ఎనిమిదేళ్లుగా ఈ దేశంలో ఉంటున్నాను. శుక్రవారం మధ్యాహ్నం ఇక్కడ ఎవరూ ఎత్తరని పసిపిల్లలకు కూడా తెలుసు. ఏడుసార్లు చేశాను. ఏడుసార్లూ అదే గొంతు, అంతే మర్యాదగా.

వాళ్లు మెసేజ్ ఒకటి వదిలారు. ఫలితం వచ్చింది, దయచేసి ఫోన్ చేయండి. అంతే. ఆమె దాన్ని చెవికి ఆనించుకుని నాలుగుసార్లు వింది.

"గొంతు మంచిగనే ఉన్నది గద?"

"జర్మన్ గొంతు. రైలు రద్దయినా, లాటరీ తగిలినా అదే గొంతు."

"అయితే తగిలిందనే అనుకుందాం," అంది. 

వచ్చాం కాబట్టి ద్వీపం చూశాం. నిజంగా సమోవా నుంచి విడదీసి తెచ్చి మళ్లీ బిగించిన ఇల్లు ఒకటి ఉంది. స్తంభాలు, కొబ్బరాకుల కప్పు, గోడలు మాత్రం ఉండవు. గోడలు లేవు కాబట్టి ఒకరింట్లో జరిగేది ఊరందరికీ తెలుస్తుందని గైడు చెప్పాడు.

"మన వాట్సాప్ గ్రూపు లెక్క," అంది నా భార్య. మా సంగతి మాత్రం ఏ గ్రూపుకీ తెలియదు. మూడుసార్లూ గోడల వెనకే జరిగింది.

మూడింటికి నాట్యం. నడుముకి ఆకులు కట్టుకున్న నలుగురు అమ్మాయిలు చేతులతో కథ చెబుతుంటే, మైకు పట్టుకున్నాయన ప్రతి కదలికకీ జర్మన్‌లో అర్థం చెప్పాడు. ఇది వాన. ఇది పడవ. చేతులు మెల్లగా ఊపితే నేను అల అనుకున్నాను. తల్లి బిడ్డను జోకొడుతోందన్నాడు ఆయన. నా భార్య అందరితోపాటు చప్పట్లు కొట్టి, బాత్‌రూమ్‌కి వెళ్లొస్తానని లేచింది.

చాలాసేపు రాలేదు. నాట్యం అయిపోయింది, కుర్చీలు ఖాళీ అయ్యాయి. వచ్చి నా పక్కన కాదు, ఒక కుర్చీ వదిలి కూర్చుంది.

"బ్లీడింగ్ అయితున్నది," అంది. "ఇగ సోమవారం దాక ఆగే పని లేదు."

"కొంచెం అయితే పరవాలేదని డాక్టర్..."

"కొంచెం కాదు. రెండుసార్లు చూసినదాన్ని. నాకెరుక."

నా జోకులన్నీ ఎక్కడో లాకర్లో పెట్టి తాళం పోగొట్టుకున్నట్టయింది. ఫోన్ ఎత్తి ఉంటే ఈ మాట పన్నెండుకు ముందే వినేవాళ్లం. ఎత్తకపోవడం వల్ల మాకు మిగిలింది మూడున్నర గంటలు. ఆ మూడున్నర గంటలూ ఆమె తల్లి. ఇది లాభమో నష్టమో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

ఆమె లేచి, చెప్పులు విడిచి, ప్యాంటు మడిచి నీళ్ల అంచుకి నడిచింది. పొద్దుటి నుంచి ఒక్క చుక్క తాకలేదు. ఇప్పుడు చీలమండల దాకా దిగి, ఆ కదలని మబ్బుల వైపు తిరిగి నిలబడింది.

కాపలా కాసే ఎర్ర నిక్కరు మనిషి వచ్చి, మామూలు బట్టలతో నీళ్లలో దిగకూడదన్నాడు.

"రెండు నిమిషాలు," అన్నాను.

ఆయన ఆమె వైపు చూశాడు. వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు. ఈ దేశంలో ఒక నియమం పక్కకు జరగడం నేను చూసింది ఆ ఒక్కసారే. ఆమె రెండు నిమిషాలు కాదు, చాలాసేపే నిలబడింది. జడలో పువ్వు అలాగే ఉంది. ఇంటికి వెళ్లే రైల్లో ఎవరో చిన్నపిల్ల దాన్ని వేలితో చూపిస్తే, తీసి ఇచ్చేసింది.

సోమవారం ఎనిమిదింటికి ఫోన్ చేశాను. క్లినిక్ అమ్మాయి 'లైడర్' అని మొదలుపెట్టింది, దురదృష్టవశాత్తూ అని. మాకు తెలుసన్నాను. గర్భం నిలవడానికి ఇచ్చిన మాత్రలు ఆపేయమంది. ఆపేశామన్నాను. శుక్రవారం మేం ఫోన్ చేశాం కదా, ఎందుకు ఎత్తలేదంది.

"ద్వీపంలో ఉన్నాం."

"ఓ, బాగుంది. వాతావరణం ఎలా ఉంది?"

"ఇరవై ఆరు డిగ్రీలు," అన్నాను.