నన్ను బతికించిన కాలివేలు

ఇప్పుడంటే ఎవరి చేతిల ఫోను ఉంటే వాళ్లే యాక్టర్లు గానీ, మా పడుచుతనంల టీవీల కనవడుడంటే మాటలా! మచ్చ బొల్లారంల మా గల్లీల కేబుల్ కనెక్షన్ ఉన్న ఇండ్లు నాలుగో అయిదో. అండ్ల మాది ఒకటి. సాయంత్రం సీరియల్ టైమయితే మా ముందరి అర్రల కాలు పెట్టే జాగ ఉండకపోతుండె. వచ్చినోళ్లకు చాయ పొయ్యలేక అమ్మ, జాగ సరిపెట్టలేక నాయిన, టీవీల ఏడ్చేటోళ్లతోని పోటీ పడి ఏడ్వలేక మా అవ్వ, ముగ్గురికి ముగ్గురు పరేషాన్. గసుంటి ఇంట్లకెల్లి నేను సీరియల్ యాక్టర్ అయిన. అయి ఏం జేసిన అనుకున్నరు? పండుకున్న. నవ్వకుండ్రి, మొదటి నుంచి చెప్త.

నేను అసలుకు డ్యాన్సర్ను. పదేండ్లప్పుడు మొదలుపెట్టి పదకొండేండ్లు యాప్రాల్ల కూచిపూడి నేర్చుకున్న. మా టీచరమ్మది గోదావరి దిక్కు. మాట మెత్తగనే ఉంటది గానీ చేతిల తాళం కర్ర మాత్రం మస్తు గట్టిది. ప్రతి ఆదివారం నాయిన స్కూటర్ మీద తోల్కపోతుండె. నా కాళ్లకు గజ్జెలు ఆయననే కట్టి లోపటికి తోలి, క్లాసు అయ్యేదాంక బయట స్కూటర్ మీదనే కూసొని, పొద్దుపోక ముందటి రేకు మీద వేళ్లతోని టకటక కొట్టుకుంట ఉంటుండె. లోపట టీచరమ్మకు నాతోని ఒక్కటే లొల్లి. "నేను వేసేది ఆదితాళం, నీ కాలు మాత్రం బోనాల ఊరేగింపులో ఉంటుంది. ఆ డప్పు దరువు ఎక్కడ అంటించుకొచ్చావే తల్లీ?" అనేది. నాకేం ఎర్క ఎక్కడ అంటిందో. (దెబ్బ మాత్రం మోకాలికి అంటేది.)

డిగ్రీ అయినంక ఒక వినాయక మంటపం కాడ నేను ఆడుతుంటే, సీరియల్ తీసేటాయన ఒకాయన చూసిండు. "ఈ అమ్మాయి మొహంలో నవరసాలు పలుకుతున్నాయి" అన్నడంట. గంతే, చిన్న కోడలి వేషం ఇచ్చిండ్రు. షూటింగు శామీర్‌పేట చెరువు దిక్కు ఒక బంగ్లల. నాయినకు ఇష్టం లేదు. ఆయన లెక్కల ఆడపిల్ల కొలువంటే బడిపంతులమ్మ కొలువే. అవ్వ ఒక పూట అన్నం మానేసి ఒప్పించింది. (మానేసింది అన్నమే, అటుకులు కాదు. అది నాయినకు తెల్వదు.)

మొదటి రోజు నాకు చెప్పిన సీను గింతే: మొగడు ఆఫీసు నుంచి ఇంక రాలేదు, నువ్వు తలుపు దిక్కు చూడాలె. ఓస్, గిదెంత పని అనుకున్న. ముందు కనుబొమ్మలు లేపిన. తర్వాత మెడ ఒక్కసారి అటు, ఒక్కసారి ఇటు కొట్టిన. చెయ్యి తలుపు దిక్కు చాపి, చెయ్యెంబడి చూపు తోలి, ఆఖరికి రొమ్ము ఎగిరిపడేటట్టు ఒక నిట్టూర్పు ఇడిసిన. చూసినోళ్లు చప్పట్లు కొడ్తరని అట్లనే నిలవడ్డ. డైరెక్టర్ సారు నెత్తి పట్టుకున్నడు. "అమ్మా, మీ ఆయన ఆఫీసు నుంచి లేటయిండు. యుద్ధానికి పోలేదు."

ఇగ మాటల కాడికొచ్చేసరికి ఇంక ఘోరం. సీరియళ్లల్ల మనం ఏదీ బట్టీ పట్టే పని లేదు. కెమెరా పక్కకు నిలవడి ఒకాయన డైలాగు చదువుతడు, మనం ఎంబడే అంటం. గొంతు తర్వాత ఎవరో డబ్బింగు చెప్తరు. గా చదివేటాయనను అందరం ప్రాంప్టింగ్ అన్న అంటుంటిమి. అన్న "అత్తయ్యా, పాలు తీసుకోండి" అంటడు. నోటితోని అంటనే ఉన్న, నా చేతులు వాటంతట అవే అత్తయ్యను, పాలను, పాలిచ్చిన ఆవును, ఆవు ఎంబడి దూడను గూడ చూపెట్టినయ్. అత్త వేషం వేసే పెద్దామె, కృష్ణా జిల్లా ఆమె, అందరం అత్తమ్మ అంటుంటిమి, నవ్వాపుకోలేక చెంగు నోట్ల కుక్కుకున్నది. అయిదో రోజు పోంగనే, చిన్న కోడలికి కారు యాక్సిడెంట్ అయింది, కోమాలకు పోయింది అన్నరు. "నువ్వేం చెయ్యొద్దమ్మా, ఊరికే పడుకో. ఏం చెయ్యకుండా ఉండడమే నీ యాక్షన్" అన్నడు డైరెక్టర్ సారు. గాయన మొహంల గంత శాంతం నేను అంతకుముందు చూడలే.

ఇగ చూస్కోండ్రి. రోజూ పొద్దుగాల తలంటు పోసుకొని, బస్సెక్కి శామీర్‌పేట పోవుడు, ముక్కుల గొట్టం పెట్టిచ్చుకొని పండుకునుడు, సాయంత్రం ఇంటికొచ్చుడు. ఇంటి కాడ అవ్వ జావ కాసి పెట్టేది. "అవ్వా, నేను మంచిగనే ఉన్న, నాకు మటన్ కూర కావాలె" అంటే, "ఉత్తదే అని నాకు ఎర్క లేదా? కండ్లతోని చూసినంక పానం ఊకుంటదా? తాగు" అనేది. పక్కింటి ఖాలా అయితే దర్గాకు పోయి తాయత్తు తెచ్చి నా దండచెయ్యికి కట్టింది. "కోమాకు భీ పనిచేస్తదంట బేటా" అన్నది. గల్లీల నడుస్తుంటే పిల్లగాండ్లు "కోమా అక్కా!" అని పిలుస్తుండ్రి. సిగ్గుతోని సస్తుంటి.

నవ్వనిది నాయిన ఒక్కడే. ఒకనాడు టీవీ బందువెట్టి అన్నడు: "పదకొండేండ్లు గజ్జె కట్టింది గిట్ల పండుకునేతందుకా బిడ్డా? గీ బోనాల దాంక చూస్త. గప్పటికి నువ్వు లేచి నిలవడితే సరే. లేకుంటే ఇగ సీరియల్ లేదు, డ్యాన్స్ లేదు, బీఎడ్ పరీక్ష రాయాలె." తిట్టినా బాగుండు. గంత మెల్లగ అన్నడు, నాకు రాత్రంత నిద్ర పట్టలే. ఆడుడు తప్ప నాకు ఇంకోటి రాదు. గా ఆడుడు గూడ పోతే నేనెవరిని అని మస్తు ఏడ్చిన. (తెల్లారి డైరెక్టర్ సారు "కళ్లు వాచినయి, కోమాకు బాగుంది" అని మెచ్చుకున్నడు.)

బోనాలు రానే వచ్చినయ్. ఆ ఆదివారం నేను సెట్ల అడుగు పెట్టంగనే ప్రాంప్టింగ్ అన్న నా మొహం చూడకుండ చెప్పిండు. "చెల్లే, ఇయ్యాల నువ్వు చనిపోతవు. ఆఖరి షాట్." నేను పోయి మంచమెక్కిన. సీను ఏందంటే, నన్ను ఇన్ని దినాలు సతాయించిన అత్తమ్మకు బుద్ధొచ్చి, నా కాళ్ల మీద పడి ఏడుస్తది. డాక్టర్ వేషం వేసినాయన చెయ్యి పట్టి చూసి, "ప్రాణం పోయింది" అంటడు. గంతే, నా కత ఖతం.

"యాక్షన్" అన్నరు. అత్తమ్మ నా పాదాలు రెండు చేతులతోని పట్టుకొని ఏడుపు అందుకున్నది. సరిగ్గ అప్పుడే, బంగ్ల ముందరి రోడ్డు మీదికి ఊరోళ్ల బోనాలు వచ్చినయ్. డప్పుల మీద డప్పులు! గొంతు తర్వాత డబ్బింగే గదా, డైరెక్టర్ సారు షాట్ ఆపలే. ఆగనిది నా కాలు. కండ్లు మూసుకొని "దేవుడా, కదలొద్దు, కదలొద్దు" అనుకుంటనే ఉన్న. కుడికాలి బొటనవేలు నా మాట ఇంటెనా! దానికి నేను చచ్చేది ఎర్క లేదు. డప్పు జనకుజనకు అంటే అది జనకుజనకు అంటున్నది. అత్తమ్మ చేతులు ఒక్కసారి నా పాదం మీద బిగిసినయ్. అయిపోయింది, ఇగ ఇప్పుడు కట్ చెప్పిస్తది, అందరి ముందట తిట్టు పడ్తది అనుకున్న.

అత్తమ్మ మాత్రం కాయితంల లేని మాట పెద్ద కేక పెట్టి అన్నది. "డాక్టరుగారూ! కదిలిందండీ! నా కోడలి కాలు కదిలిందండీ! చూడండి, ఇదిగో, నా తల్లి బతికే ఉంది!" డాక్టర్ వేషమాయన పాపం "ప్రాణం..." అని మొదలుపెట్టి, ఏం జెయ్యాల్నో తోచక "ప్రాణం... ఉంది!" అన్నడు. కెమెరామన్ కెమెరాను నా కాలి మీదికి తోలిండు. కట్ అన్నంక డైరెక్టర్ సారు ఆ ముక్కను రెండుసార్లు చూసుకున్నడు, కత రాసేటాయనతోని ఫోన్ల గుసగుస మాట్లాడిండు. వచ్చి, "రేపు కూడా రా అమ్మా. చావు లేదు, లేచి కూర్చుంటవు. కానీ చేతులు మాత్రం ఒళ్లో పెట్టుకో, నీకు దండం" అన్నడు. నేను అత్తమ్మ కాళ్లు మొక్కబోతే ఆమె నా చెయ్యి పట్టి లేపింది. "నేనూ గజ్జె కట్టినదాన్నేనమ్మా. ఆ దరువుకు కదలని కాలుంటే అది కాలే కాదు. చంపడానికి నాకు మనసొప్పలేదు" అన్నది. నా కాళ్లు ఉన్నచోటనే ఎగిరినయ్.

నాలుగు దినాలకు ఆ ముక్క టీవీల వచ్చింది. మా ముందరి అర్ర నిండ జనం. ఖాలా తాయత్తు దిక్కు చూసి "దేఖో!" అంటున్నది. అవ్వ టీవీకే హారతి ఇస్తనని లేచింది. టీవీల డప్పు చప్పుడు తీసేసి వయొలిన్లు పెట్టిండ్రు. తెర నిండ నా కాలివేలొక్కటే, ముఖం గూడ లేదు. నాయిన కుర్చీల ముందటికి ఒరిగి, "గది నా బిడ్డ కాలు" అన్నడు. నేను ఆయన దిక్కు చూసిన. కుర్చీ చెయ్యి మీద ఆయన వేళ్లు కొడుతున్నయ్. వయొలిన్లకు కాదు. చెవులకు వినవడని డప్పును నా వేలు చూసి పట్టుకొని, ఒక్క దెబ్బ తప్పకుండ కొడుతున్నడు. పదకొండేండ్లు స్కూటర్ రేకు మీద కొట్టిన దరువు గదే. టీచరమ్మ అడిగిన ప్రశ్నకు జవాబు నాకు అప్పుడు దొరికింది. తెల్లారి బీఎడ్ మాట ఎవరూ ఎత్తలే. "లెవ్వు బిడ్డా, శామీర్‌పేట బస్సు పోతది" అని నాయిన స్కూటర్ స్టార్ట్ చేసిండు.

ఇప్పుడు నేనే అత్త వేషాలేస్తున్న. చేతులు ఒళ్లె పెట్టుకునుడు నేర్చుకునేతందుకు నాకు ఇరవై ఏండ్లు పట్టింది. మొన్న సెట్ల ఒక కొత్త పిల్ల, మొగడు లేటయిండంటే కనుబొమ్మలు లేపి, మెడ కొట్టి, చెయ్యి తలుపు దిక్కు చాపింది. అందరూ నవ్విండ్రు. నేను మాత్రం పిల్ల కాళ్ల దిక్కు చూసిన. గప్పుడు ఆ మంచం మీద కండ్లు మూసుకొని, బతుకే అయిపోయిందనుకొని, "కదలొద్దు" అని సొంత కాలును బతిమాలుకున్న పిచ్చిపిల్ల యాదికొచ్చింది. దాని చెవుల "కదలనియ్యే, ఏం గాదు" అని చెప్పాలనిపించింది.