బావ నన్ను కందిరీగ అనేవాడు

పాకాలలో మా అక్క భర్త పోయాడని పోయిన నెల టెలిగ్రాం వచ్చింది. ఇక నన్ను కందిరీగ అని పిలిచే మనిషి లేడన్న సంగతి బస్సెక్కేదాకా నా మనసుకెక్కలేదు.

బావ పంపుసెట్లు బాగుచేసేవాడు. స్క్రూడ్రైవర్ మొన ఇంజనుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని వినేవాడు. "కన్ను మోసపోతాది గానీ నా చెవి మోసపోదబ్బా" అనేవాడు. ఇంటి వెనక రేకుల షెడ్డులో ఆరేళ్లు కష్టపడి, నేలమీదా నీళ్లమీదా దిగే విమానం తయారుచేశాడు. అడుగు పడవలా ఉండేది, చక్రాలు పైకి మడుచుకునేవి. ఆ వైపు వాళ్లయితే మీకు గుర్తుండొచ్చు, అందరూ దాన్ని కప్ప అనేవాళ్లు. ఆయనకు కోపమే రాలేదు.

డెబ్బైల చివర ఒక వానాకాలం చెరువు నిండితే మొదటిసారి నీళ్లలోకి దించాడు. "నీళ్లమీద పరిగెత్తించి సూస్తా, అంతే. ఎగిరేది లేదు" అని అక్కకు మాటిచ్చాడు. అక్క టెంకాయ కొట్టింది. బొట్లు పెట్టే పని నాది. కొత్త వస్తువులో ఏ భాగాన్నీ వదలకూడదని మా ఇంటి పద్ధతి. ముక్కు పక్కన పొడుచుకొచ్చిన సన్న గొట్టం మూతికీ తడి పసుపు, కుంకుమ నిండుగా అద్దాను. అందులో దూరే గాలే లోపల వేగం చూపే ముల్లును కదిలిస్తుందని నాకేం తెలుసు?

ముల్లు సున్నా దగ్గరే ఉందట. వేగం చాలలేదనుకుని బావ ఇంకా పెంచాడు. చూస్తుండగానే విమానం నీళ్లు వదిలి పైకి లేచింది.

"ఎగరనని మాటిచ్చినాడే" అంటూ అక్క నా చెయ్యి పట్టుకుంది.

వేగం తగ్గితే పడిపోతుంది, ఎక్కువైతే నీళ్లు రాయిలా తగులుతాయని బావే మాకు చెప్పి ఉన్నాడు. ఇంజను శబ్దం తగ్గింది, పెరిగింది, మళ్లీ తగ్గింది. ఆయన చెవితోనే దిగుతున్నాడని తర్వాత తెలిసింది. అడుగు ఒకసారి నీళ్లను తాకి ఎగిరింది. మళ్లీ తాకి, ఈసారి నిలిచింది.

గట్టుకొచ్చి బావ గొట్టం మూతిని బొటనవేలితో తుడిచాడు. వేలు ఎర్రబడింది. నా వైపు చూశాడు. నేను కుంకుమ చేతులు వెనక్కి దాచుకున్నాను.

"ఏమైంది?" అంది అక్క.

"కందిరీగ లే. గొట్టంలో గూడు కట్టుండాది" అని వేలు లుంగీకి రుద్దుకున్నాడు.

మర్నాటి నుంచి అదే నా పేరు. ఆ పేరు ఎందుకు పెట్టాడో ఆయన అక్కకు చెప్పలేదు. నేనూ చెప్పలేదు, పిరికిదాన్ని.

కర్మలయ్యాక కప్ప ఉన్న షెడ్డు తెరిచాం. అక్క కుంకుమ గిన్నె నా చేతికిచ్చి, "ఆయన సామాన్లకు ఇంక నువ్వే పెట్టల్ల" అంది. గొట్టం దగ్గర నా చెయ్యి ఆగిపోయింది.

"ఆ కందిరీగను నేనే అక్కా" అని మొత్తం చెప్పేశాను.

"ఇన్నేండ్లూ కడుపులోనే పెట్టుకున్న్యాడా" అంది అక్క. తర్వాత వంగి, గొట్టం మూతికి నోరు పెట్టి మెల్లగా ఊదింది.

ఖాళీ సీటు ముందు ముల్లు కదిలింది.