మా ఆడబిడ్డతో ఎడారికి: స్టేషన్ ఘన్‌పూర్ నుంచి జైసల్మేర్ దాకా

మేమిద్దరం ఒకే ఏడాది రిటైరయ్యాం. నేను స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర ఒక ఊరి బడిలో టీచర్‌ని, మా ఆయన భద్రూ బస్సు డిపోలో మెకానిక్. పని లేని మొదటి చలికాలం ఎట్లా గడుస్తుందా అనుకుంటుండగా మా అమ్మాయి అనిత ఫోన్ చేసింది. తను జోధ్‌పూర్‌లో ఒక ఆసుపత్రిలో నర్సు, అల్లుడి ఉద్యోగం కూడా అక్కడే. డిసెంబర్‌లో వచ్చి చలి తగ్గేదాకా ఉండమని, జైసల్మేర్ ఎడారి కూడా చూపిస్తానని చెప్పింది. రెండు నెలలు ఊళ్లో ఉండం కాబట్టి, పోయేముందు మనవాళ్లందర్నీ ఒకసారి చూసొద్దామన్నాడు మా ఆయన. ఇద్దరికని వేసుకున్న ప్రయాణం ముగ్గురిదైంది ఆ చుట్టపుచూపుల్లోనే.

మేం లంబాడీలం. మా ఆయన పుట్టింది డోర్నకల్ దగ్గర తండాలో. అక్కడ మా మరిది మిరప తోట వేశాడు, కాయ అప్పుడప్పుడే ఎర్రబడుతోంది. రెండు రోజులు అక్కడుండి, రైల్లో వరంగల్ వచ్చి, హనుమకొండ నుంచి భూపాలపల్లి బస్సెక్కాం. భూపాలపల్లిలో టీ తాగి, కాటారం బస్సు పట్టుకున్నాం. అడవి అంచున ఉన్న తండాలో దిగేసరికి మధ్యాహ్నం దాటింది. అది మా ఆడబిడ్డ సోనా ఉండే ఊరు. నాకు వదినె, మా ఆయనకు పెద్దక్క. వాళ్లమ్మ చిన్నప్పుడే పోతే మా ఆయన్ని ఈమే పెంచింది. డెబ్బై దాటినా ఇప్పటికీ అద్దాల రవిక, కుచ్చుల గాగ్రా, మోచేతి పైదాకా తెల్ల గాజులు. మా రెండు కుటుంబాల్లో ఆ వేషం వదలని మనిషి ఇప్పుడు ఆమె ఒక్కతే.

పోయిన వానాకాలం ఆమె భర్త చనిపోయాడు, గాజులు మాత్రం తీయనంది. అప్పట్నుంచి ఆమె మాట్లాడటం తగ్గించేసిందని కోడలు చెప్పింది. ఇంట్లో అందరూ తెలుగే మాట్లాడతారు. మనవలు బడికి పోతారు, వాళ్లకు మా భాష అర్థమవుతుంది గానీ నోటికి రాదు. ఆమెకు తెలుగు వస్తుంది, అయితే తడుముకుంటుంది, మనవలు నవ్వుతారు. ఆమెతో మా భాషలో పొద్దస్తమానం కొట్లాడుతూ కూర్చున్నది ఆ ముసలాయనే. ఇప్పుడు కొట్లాడేవాళ్లు లేరు. అన్నం పెడితే తింటుంది, పెట్టకపోతే అడగదు. కోడలు పరేషాన్‌గా ఉంది. దవాఖానలో చూపిస్తే జబ్బేమీ లేదన్నారట.

ఆ సాయంత్రం మా ఆయన అక్క పక్కన మంచంలో కూర్చుని చాలాసేపు ఏదేదో చెప్పాడు. ఆమె నేల చూస్తూ కూర్చుంది. చివరికి, అనిత దగ్గరికి పోతున్నామని, అక్కడ కంటికి ఆనినంత దూరం ఇసుకే ఉంటుందట, నువ్వూ రా అన్నాడు. అప్పుడు తలెత్తింది.

"మన గోదారిల కన్నా ఎక్కువుంటదా ఇసుక?"

ఆమె మాట్లాడింది మా భాషలోనే, నేనిక్కడ తెలుగులో రాస్తున్నాను. నెల రోజుల్లో ఆమె అడిగిన మొదటి ప్రశ్న అదేనని కోడలు ఆ రాత్రే నాతో అంది.

మర్నాడు మేం లేచేసరికి బట్టల మూట కట్టుకుని అరుగు మీద కూర్చుని ఉంది. ఆమె కొడుకు ఒప్పుకోలేదు. అమ్మకు బీపీ ఉంది, అక్కడ చలి బాగా ఉంటదంటరు, తొవ్వల ఏమన్న అయితే ఎట్ల మామా అని మా ఆయన్ని నిలదీశాడు. అక్కడ అనిత ఉంటుంది, నర్సే కదా అని నేనన్నాను. బస్సు వచ్చేదాకా ఆ కొడుకు మూట పట్టుకునే నిలబడ్డాడు. బస్సెక్కాక కిటికీలోంచి అందించాడు.

వెళ్లాలనుకునేవాళ్ల కోసం దారి చెప్తాను. కాచిగూడ నుంచి భగత్ కీ కోఠీకి రైలుంది, అది జోధ్‌పూర్‌లో భాగమే. ప్రయాణం దాదాపు రెండు రోజులు. మూడో తరగతి ఏసీలో మనిషికి సుమారు రెండు వేలు పడింది. పెద్దవాళ్ల వయసు సరిగ్గా రాస్తే కింది బెర్తు దొరికే అవకాశం ఎక్కువ. జనగామలో మా చెల్లెలి ఇంట్లో ఒక పూట ఆగి, స్వెటర్లు, మంకీ క్యాపులు అడిగి తెచ్చుకున్నాం. వదినె మంకీ క్యాప్ పెట్టుకోనంది. దారి పొడవునా కిటికీ పక్కన కూర్చుని పత్తి చేలు, రాళ్ల గుట్టలు, తుమ్మ చెట్లు చూస్తూనే ఉంది. జొన్నరొట్టె, ఎల్లిగడ్డ కారం అడక్కుండానే తింది. నాకు కొంచెం ధైర్యం వచ్చింది.

జోధ్‌పూర్‌లో ఆ ధైర్యం పోయింది. అనిత వాళ్లుండేది నాలుగో అంతస్తు ఫ్లాటు. చుట్టూ తలుపులు మూసుకున్న ఇళ్లు. అందరూ హిందీ మాట్లాడతారు, వదినెకు హిందీ రాదు. మేం కోట చూశాం, నీలం రంగు ఇళ్ల సందుల్లో తిరిగాం, మిర్చీ వడ తిన్నాం. ఆమె మాతో వచ్చేది, మాతో తిరిగేది, మళ్లీ బాల్కనీలో ఎండకు కూర్చునేది. తప్పు చేశామేమో, ఉన్నచోట ఉంచాల్సిందేమో అని మా ఆయన దిగులు పడ్డాడు. సంక్రాంతి దాటాక అనితకు నాలుగు రోజులు సెలవు దొరికింది. రాత్రి రైలెక్కి తెల్లవారుజామున జైసల్మేర్‌లో దిగాం. చలికి పళ్లు టకటకలాడాయి. అక్కడ గది తీసుకుని, రెండు రోజులకు జీపు మాట్లాడుకున్నాం. డ్రైవర్ పేరు దేవారామ్, ముప్పై ఏళ్లుంటాయి, మెత్తగా మాట్లాడే మనిషి.

మొదటి రోజు సాయంత్రం అందరూ పోయే ఇసుక దిబ్బలకే పోయాం. ఊరి నుంచి గంట ప్రయాణం. దిబ్బలు అందంగానే ఉన్నాయి గానీ, వాటి మీద జాతర ఉంది. ఒంటెలు, జీపులు, పెద్ద పెద్ద స్పీకర్లు. వదినె చెప్పులు చేత పట్టుకుని, గాగ్రా కొంచెం ఎత్తి, ఇసుకలో నాలుగడుగులు వేసింది. ఆమె మొహంలో నవ్వు లాంటిది కనబడింది. అంతలో ఎవరో కుర్రజంట వచ్చి ఆమెకు అటొకరు ఇటొకరు నిలబడి ఫొటో దిగారు. వాళ్లను చూసి ఇంకొకరు. ఆమెను అక్కడ ఆటపాటలకు పెట్టుకున్న మనిషి అనుకున్నారు. ఒకాయన చేతులు తిప్పి చూపిస్తూ, కొంచెం నాట్యం చేయమని అడిగాడు, వీడియో తీసుకుంటాడట. చెడ్డవాడేం కాదు, నవ్వుతూనే అడిగాడు. అనిత అడ్డం పోయి, ఈమె మా మేనత్త, మాతో పాటు చూడటానికి వచ్చిందని చెప్పింది. ఆయన నొచ్చుకుని వెళ్లిపోయాడు. వదినె అప్పటికే జీపులో ఎక్కి, తలమీది ఓణీ మొహం మీదికి లాక్కుని కూర్చుంది. తిరుగుదారిలో ఒక్కటే మాట అంది.

"భద్రూ, నన్ను ఇంటికి తోలు."

మా ఆయన సరేనన్నాడు. రాత్రి గదిలో టికెట్లు ముందుకు జరుపుకోవచ్చా అని ఫోన్‌లో వెతుక్కుంటూ కూర్చున్నాడు.

పొద్దున దేవారామ్ వచ్చాడు. జరిగింది అతను చూశాడు, పాపం అతనికే సిగ్గుగా ఉంది. ఈ రోజు ఎక్కడా తిరగొద్దు, మా ఇంటికి రండి, అమ్మ రొట్టెలు చేస్తుంది, ఊరి వెనక మాకూ ఇసుక ఉంది అన్నాడు. వదినెను అడిగితే వద్దనలేదు. దాంతో బయల్దేరాం.

ఊరంటే పది పదిహేను ఇళ్లు. మట్టి గోడలు తెల్లగా అలికి, అంచులకు గేరు అనే ఎర్రమన్నుతో గీతలు గీసి ఉన్నాయి. వాకిట్లో ఒక ఒంటె, నాలుగు మేకలు. దేవారామ్ తల్లి పేరు ధాపూబాయి. ఆమె బయటికి రాగానే నేను, మా ఆయన, అనిత ఒకేసారి ఆగిపోయాం. కుచ్చుల గాగ్రా, మోచేతి పైదాకా తెల్ల గాజులు. అద్దాలు లేవు, రంగులు వేరు, అయినా దూరం నుంచి చూస్తే అక్కాచెల్లెళ్లనుకుంటారు. ధాపూబాయి కూడా వదినె గాజుల వైపే చూసింది. చేయి పట్టుకుని వంటింట్లోకి తీసుకుపోయింది. నేను వెనకాలే పోయాను.

పొయ్యి దగ్గర కూర్చోబెట్టి, చెంబు చేతికిచ్చి, "పాణీ పీ" అంది. మా ఇంట్లోనూ మంచినీళ్లు తాగమనడానికి అదే మాట. వదినె చెంబు పట్టుకుని ఆమెకేసి చూసింది. తర్వాత ధాపూబాయి సజ్జపిండి, మజ్జిగ కలిపి కాచిన జావ గిన్నెలో పోసి ఇచ్చింది. వదినె ఒక గుక్క తాగింది. గిన్నె కింద పెట్టింది.

"లూణ్ కోనీ" అంది.

ఉప్పు లేదు అని. పరాయి ఇంట్లో మొదటి మాటే వంక పెట్టడమా అనుకున్నాను. రొట్టె కోసం తీసుకున్న పిండి ధాపూబాయి చేతిలో అట్లాగే ఉండిపోయింది. ఆమెకు కోపం రాలేదు. ఆ మాట అర్థమైంది. కొడుకును కేకేసి, ఈమె ఎక్కడి మనిషి అని అడిగింది. తెలంగాణ అని, రెండు రోజులు రైల్లో రావాలని అతను చెబితే నమ్మలేదు. ఉప్పు డబ్బా తెచ్చి వదినె ముందు పెట్టి, ఆమెకెదురుగా కూర్చుంది.

ఆ తర్వాత నా అవసరం లేకపోయింది. మాటలన్నీ కలవలేదు, సగం సగమే కలిశాయి. కలవని చోట చేతులతో చూపించుకున్నారు. మేం రొట్టెను బాటీ అంటాం. వదినె బాటీ అడిగితే ధాపూబాయి నిప్పుల్లో కాల్చిన గుండ్రటి పిండి ఉండలు తెచ్చి పెట్టింది. వదినె ఒకటి తీసుకుని నేల మీద కొట్టి చూసి, ఇది రాయి అంది. సజ్జరొట్టె చూపించి, ఇది బాటీ అంది. ధాపూబాయి పళ్లు లేని నోటితో కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. వదినె కూడా నవ్వింది. భర్త పోయాక ఆమె నవ్వటం నేను చూడటం అదే మొదలు.

భర్త ఉన్నాడా అని ధాపూబాయి అడిగింది. లేడంది వదినె. ధాపూబాయి తనకూ లేడని, తనూ గాజులు తీయలేదని చెప్పింది. కాసేపు పొయ్యిలో కట్టెలు సర్దారు. అప్పుడు ధాపూబాయి అడిగింది, మీవాళ్లు ఇక్కణ్ణుంచి ఎప్పుడు పోయిండ్రు అని. వదినె కొంచెం ఆలోచించింది.

"నాకు ఎరుక లేదు. ఎడ్ల మీద ఉప్పు మోసుకుంట పోయిండ్రని మా తాత చెప్పేటోడు. మళ్ల తిరిగి రాలే."

ధాపూబాయి రొట్టె తిరగేస్తూ అంది, "ఇప్పుడొచ్చినవు గద. తిను."

బయట మా ఆయన జీపు ముందు మూత ఎత్తి, ఇంజన్లోకి తల దూర్చి నిలబడి ఉన్నాడు. బండికేమైందని దేవారామ్ కంగారుగా అడిగితే, ఏం కాలేదు, ఊరికే చూస్తున్నానన్నాడు. అంతా కిటికీలోంచి విన్నాడని నాకు తెలుసు.

సాయంత్రం ఊరి వెనక ఇసుకలోకి నడిచాం. చిన్న దిబ్బలే, ఫొటోల్లో కనిపించేంత పెద్దవి కావు. ఒక్క స్పీకర్ లేదు. వదినె, ధాపూబాయి పక్కపక్కన కూర్చుని, పొద్దు గూకేదాకా మాట్లాడుకుంటూనే ఉన్నారు. మధ్యలో వదినె తల తిప్పి, గుండీలు పెట్టుకోరా, సర్ది చేస్తే ఎవలు చూడాలె అని తమ్ముణ్ణి తిట్టింది. అరవై రెండేళ్ల మా ఆయన వెంటనే గుండీలు పెట్టుకున్నాడు. టికెట్లు ముందుకు జరపలేదు. జీపు ఇంకో రోజుకు మాట్లాడుకుని, మర్నాడూ అక్కడే ఉన్నాం. భోజనానికి డబ్బు తీసుకోమంటే ధాపూబాయి ఒప్పుకోలేదు, జీపు కిరాయి మాత్రం దేవారామ్ రోజుకు రెండు వేల అయిదొందలు తీసుకున్నాడు, డీజిల్ కలుపుకుని.

ఫిబ్రవరి చివర్లో కాటారం చేరాం. ఇప్పుడు వారానికొకసారి దేవారామ్ ఫోన్ చేస్తాడు, ఇద్దరు ముసలమ్మలు గట్టిగా అరుచుకుంటూ మాట్లాడుకుంటారు. మొన్న కోడలు ఫోన్‌లో, మా అత్త పొద్దున లేస్తే అందర్నీ మన భాషల తిడుతున్నదని ఫిర్యాదు చేసింది. చిన్న మనవడు తిరిగి అదే భాషలో జవాబిస్తున్నాడట. తప్పులు దిద్దడానికి ఆమె వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుంటోందట. ఫిర్యాదు చేస్తూనే ఆ పిల్ల నవ్వుతోంది.

ఆ ఎడారి మా పూర్వీకులదే అని నేను గట్టిగా చెప్పలేను. నేను చరిత్ర చదివినదాన్ని కాను, మా తాతలు ఏ దారిన వచ్చారో రాసిపెట్టినవాళ్లూ మా ఇంట్లో లేరు. నేను చూసిందల్లా ఒక మనిషి ఉప్పు లేదని చెప్పడం, ఇంకో మనిషికి అది అర్థం కావడం. రెండు రోజుల రైలు ప్రయాణం దానికి ఎక్కువేమీ కాదని ఇప్పుడు మా ఆయనా నేనూ అనుకుంటున్నాం. మీరు ఇంట్లో పెద్దవాళ్లను తీసుకుని జైసల్మేర్ పోతుంటే, నాదొక్కటే సలహా. రెండు రోజుల్లో ఒక రోజు ఏ కార్యక్రమమూ పెట్టుకోకండి. మీ డ్రైవర్‌ని, మీ ఇంట్లో అమ్మ ఉందా అని అడగండి. ఉంటే, రమ్మంటే, కిలో చక్కెర, టీ పొడి పట్టుకుని వెళ్లండి. మీ పెద్దవాళ్లను పొయ్యి దగ్గర కూర్చోబెట్టి, మీరు బయటికి వచ్చేయండి.